కొలిమి చల్లారిన నేల

తెలుగు రైతునకు నేలల పేర్లు ఒకరు నేర్పనక్కరలేదు. నీరు పారిన మాగాణి, వాననే నమ్ముకొన్న మెట్ట, ఏటి నడుమ తేలిన లంక, ఉప్పు పొంగిన చౌడు, విశ్రాంతి తీసికొనుచున్న బీడు, ఎవ్వరును దున్నని బంజరు, ఎవ్వరికిని పట్టా లేని పోరంబోకు. ఈ మాటలు పుట్టినది నిఘంటుకారుని బల్లమీద కాదు, నాగటిచాలులో. ఒక్కొక్క మాట ఆ నేల గుణమునే కాక, దానిపై ఎవరికెంత హక్కున్నదో కూడ చెప్పును. ఇంతటి భాషకు ఒక్క నేలను పిలుచుటకు మాత్రము పేరు దొరకలేదు. ఊరివారి భూమిని సర్కారు తీసికొని, దానిపై కర్మాగారము కట్టించి, ఒక తరము పాటు లోహమును కరగించి, పిమ్మట కొలిమి ఆర్పి గేటుకు తాళము వేసిన నేల యది. దానిని బీడనుటకు వీలులేదు. బీడు మరల దున్నబడును. బంజరనుటకును వీలులేదు, అచ్చట వేలమంది చెమటోడ్చిరి. ఆంగ్లేయులు దీనిని బ్రౌన్‌ఫీల్డ్ అని రంగు చెప్పి ఊరకొనిరి.

తెలుగునాట కాగితములపై దీనికి దొరికిన పేరు 'ఖాళీ స్థలము'. చిక్కంతయు ఈ ఖాళీ యను మాటలోనే ఉన్నది. ఖాళీ యన్నంతనే దానిపై ఏమి కట్టవలెనను ప్రశ్న పుట్టును గాని, దాని లోపల ఏమున్నదను ప్రశ్న పుట్టదు. కొందరు మేడలు కట్టుదమందురు. కొందరు సహృదయులు ఉద్యానము వేయుదమందురు. రెండవవారి మనసు మంచిదే గాని, ఖాళీ యను మాటను నమ్ముటలో ఇరువురిదియు ఒకే పొరపాటు.

విశాఖపట్టణమునుండి గాజువాకకు పోవు దారిలో, మింది గ్రామము చెంత, ఇట్టి నేల యొకటి కలదు. హిందూస్థాన్ జింక్ సంస్థ అచ్చట 1977లో జింకును తీయు కర్మాగారమును ప్రారంభించెను. నాడది కేంద్ర ప్రభుత్వ సంస్థ. నాటి గుంటూరు జిల్లాలోని అగ్నిగుండాల సీసపు గనియు దానిదే కావున, సీసమును తీయు శాలయు విశాఖలోనే వెలసెను. 2002లో సంస్థ యాజమాన్యము ప్రైవేటు చేతికి పోయెను. 2012లో కొలిమి చల్లారెను. ఈ నాలుగు వాక్యములలో ఇమిడిన 35 ఏండ్లలో మింది మన్నునకు జరిగినదేమో తెలియవలెనన్నచో, జింకు ఎట్లు పుట్టునో కొంచెము తెలిసియుండవలెను.

జింకును పెద్దలు తుత్తునాగమనిరి. ఇత్తడి చెంబులో రాగితో కలిసియున్నది అదియే. తుప్పు పట్టకుండ ఇనుప రేకుపై పూతగా నున్నదియు అదియే. గనినుండి వచ్చిన ఖనిజపు పొడిలో జింకు గంధకముతో ముడివడి యుండును. దానిని కొలిమిలో కాల్చినప్పుడు గంధకము వాయువై పోవును. ఆ వాయువును పట్టి గంధకామ్లముగా మార్చెదరు. కాలిన పొడిని అదే ఆమ్లములో కరగించి, ఆ ద్రవములోనికి విద్యుత్తును పంపినచో అల్యూమినియపు పలకలపై జింకు పొరగా పేరుకొనును. ఇంతవరకు పాఠ్యపుస్తకము చెప్పును. మిగిలిన మడ్డి సంగతి పాఠ్యపుస్తకము చెప్పదు. ఖనిజములో తోడుగా వచ్చిన ఇనుము, సీసము, కాడ్మియము చాలవరకు ఆ మడ్డిలోనే చేరును. చెట్టు మోడు కుళ్ళి మన్నగును, సీసము కుళ్ళదు. సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. కాడ్మియము మూత్రపిండములను, ఎముకలను పట్టుకొనును. ఆ పరిసరముల మన్నును నీటిని పరీక్షించిన పరిశోధకులు ఈ భారలోహములను గూర్చి వ్రాసియున్నారు. గేటుకు తాళము పడినను, వాననీటితో కలిసి భూమిలోనికి దిగు లోహమునకు తాళము లేదు.

ఇక ఆ భూమి ఎవరిదను ప్రశ్న. 1894 నాటి భూసేకరణ చట్టము ప్రకారము పొలమును తీసికొనుటకు ప్రభుత్వము పలుకవలసిన మాట 'ప్రజాప్రయోజనము'. రైతు ఇచ్చునప్పుడు కంట తడి పెట్టినను, దేశమునకు లోహము కావలెనను మాటకు తల యొగ్గెను. లోహము తీయుట ఆగినది. ఆగిననాడు ఆ ప్రజాప్రయోజనము ఏమైనది? ఒకనాడు ఎకరముల లెక్కన అల్పమైన పరిహారమునకు పోయిన భూమి నేడు గజముల లెక్కన పలుకుచున్నది. ఈ వ్యత్యాసము ఎవరి జేబులోనికి పోవలెనన్నది న్యాయస్థానములకు సంబంధించిన తగవు కావచ్చును; కాని నలుగురును కాలు పెట్టగల స్థలముగా దానిని మార్చుటయే తొలుత పలికిన మాటకు దగ్గరగా నుండునన్నది న్యాయశాస్త్రము చదువనివారికిని తెలియును. ఉద్యానము కోరుటకు బలమైన కారణము ఇదియే గాని చల్లగాలి కాదు.

అయితే ఎట్టి ఉద్యానము? ప్రబంధములలోని అష్టాదశ వర్ణనలలో ఉద్యానవర్ణన యొకటి. ఆ వనములో మావి చివురులు, కోయిలలు, చంద్రకాంతపు తిన్నెలు ఉండును గాని, ఆ వనము వేయకముందు ఆ చోట ఏమి యుండెనో ఏ కవియు చెప్పడు. ప్రబంధకవుల ఉద్యానమునకు పూర్వచరిత్ర యుండదు. నేటి పురపాలక ఉద్యానమును ఈ విషయమున వారి శిష్యురాలే. సిమెంటు పుట్టగొడుగు, ప్లాస్టరు జిరాఫీ, సినిమా పాటకు ఎగురు నీటిచిమ్మెన, గేటు వద్ద టిక్కెట్టు గది: వీనిని ఏ ఊరిలో దించినను ఒక్కటియే. విశాఖలో పాత సెంట్రల్ జైలును అడవివరము వైపునకు తరలించిన పిమ్మట, నగరము నడిబొడ్డున మిగిలిన ఆ స్థలములో 2016లో సెంట్రల్ పార్కు వెలసెను. మేడలు లేవక చెట్లు లేచుట మేలే. కాని సాయంకాలము అచ్చట నడచు పిల్లలలో ఎందరికి తమ కాళ్ళక్రింద ఒక కారాగారము ఉండెనని తెలియును?

పూర్వచరిత్ర గల ఉద్యానము ఎట్లుండునో చూడవలెనన్నచో జర్మనీ దేశములోని రూర్ ప్రాంతమునకు పోవలెను. బొగ్గుతో, ఉక్కుతో బ్రతికిన నాడు అది. అందులోని డ్యూస్‌బర్గ్ నగరమున, మైడెరిఖ్ అను పేటలో, ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లలో థీసెన్ కుటుంబమువారు ఇనుప కొలుములను నిలిపిరి. 1985లో అవి చల్లారెను. కూల్చి చదును చేయుట సులభమైన మార్గముగా తోచెను; స్థానికులు కొందరు ఎదురు తిరిగిరి. పిమ్మట పోటీ పెట్టి పథకములను రప్పించి, పీటర్ లాట్జ్ అను శిల్పి పథకమును ఎన్నుకొనిరి. 1994లో దాదాపు 180 హెక్టారుల, అనగా సుమారు 445 ఎకరముల ఉద్యానము ప్రజలకు తెరువబడెను.

లాట్జ్ చేసిన పనిలో విశేషము, ఆయన చేయని పనులలో ఉన్నది. ఆయన కొలుములను కూల్చలేదు. రంగు పూసి బొమ్మలుగ మార్చనూ లేదు. సందర్శకుడు ఇనుప మెట్లెక్కి కొలిమి పైభాగమునకు చేరి, అచ్చటనుండి ఊరంతయు చూడవచ్చును. ఖనిజము నిలువ చేసిన గాదెల గోడలపై పర్వతారోహకులు ఎక్కుట నేర్చుకొందురు. వాయువు నింపిన మహాపాత్రను నీటితో నింపిరి. దానిలో ఈతగాండ్రు మునిగి సాధన చేయుదురు. కరగిన ఇనుము పోసిన గుంటలను కప్పిన 49 ఇనుప పలకలను తెచ్చి ఒక చతురముగ పరచిరి. అవి నేటికిని వానకు తడిసి తుప్పు పట్టుచుండును. పట్టవలెననియే వానిని అచ్చట పరచిరి. మురుగు మోసిన ఎమ్షర్ పాతపాయలోని మురికిని భూమిక్రింద గొట్టములోనికి మళ్ళించి, ఆ పాయలో వాననీటిని పారించిరి. విషము మిక్కుటముగ నున్న మన్నును కొంత పాత గాదెలలోనే పెట్టి మూసిరి. దాచినను, దాచితిమని చెప్పి దాచిరి. ఈ ఒక్క మాటకై డ్యూస్‌బర్గు ప్రసంగము ఇంత దూరము నడిచినది.

విశాఖ ఇట్టిది చేయలేదా? చేయగలదు; ఒకసారి చేసియున్నది కూడ. ఐ.ఎన్.ఎస్. కురుసుర అను జలాంతర్గామి 1969లో నౌకాదళమున చేరి 2001 ఫిబ్రవరిలో విరమించెను. దానిని పాత ఇనుముగ తూచి అమ్మక, రామకృష్ణా బీచి ఇసుకపైకి లాగి, 2002లో ప్రదర్శనశాలగ తెరచిరి. నాటినుండి బడిపిల్లలు వరుసలు కట్టి ఆ ఇరుకు ద్వారములలో తల వంచి దూరి, నావికులు పండుకొన్న బల్లలను చేతితో తాకి వచ్చుచున్నారు. అంతకు చాల పూర్వమే, 1933లో ఓడలకు తెరువబడిన రేవును కట్టుచున్న దినములలో, అలల ధాటిని ఆపుటకు రెండు పాత ఓడలను తెచ్చి రేవు ముఖమున ముంచిరి. ఆయుస్సు తీరిన యంత్రమునకు మరియొక పని చెప్పుట ఈ ఊరికి పుట్టుకతో వచ్చిన విద్య. యుద్ధమునకు పనికివచ్చిన యంత్రమునకు దక్కిన ఆదరము, అన్నము పెట్టిన యంత్రమునకు ఏల దక్కరాదు?

ఈ మాట యెత్తగానే ఉక్కునగరములోని కార్మికుడు కనుబొమ్మలు ముడుచును. అతని అనుమానమును తేలికగా త్రోసివేయరాదు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని 1966లో సాగిన ఉద్యమమున 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసెను. 1992 ఆగస్టులో పి.వి. నరసింహారావు కర్మాగారమును జాతికి అంకితము చేసెను. దానికై సుమారు 20,000 ఎకరముల భూమి సమకూడెను. ఊళ్ళు లేచిపోయెను. నిర్వాసితుల చేతికి 'ఆర్ కార్డు' అను ఒక కాగితము వచ్చెను. ఉద్యోగమునకై ఆ కార్డును దాచుకొని ముసలివారైనవారు కలరు. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘము కర్మాగారమును పూర్తిగ ప్రైవేటుపరము చేయుటకు సూత్రప్రాయముగ అంగీకరించినది మొదలు కార్మికులు దీక్షాశిబిరములలో కూర్చుండిరి. 2025 జనవరిలో కేంద్రము 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ సాయమును ప్రకటించెను. ఇట్టి స్థితిలో ఉద్యానముల మాట వినినచో, కొలిమి ఆర్పుటకు ముందుగనే పూలదండ తెచ్చినట్లు అతనికి తోచుట సహజము.

అందుచేత గీత స్పష్టముగ గీయవలెను. మండుచున్న కొలిమి ప్రక్కన నిలిచి ఉద్యానపు పటము పరచువాడు, ఎంతటి సౌందర్యోపాసకుడైనను, ఆ సమయమున కార్మికునకు మిత్రుడు కాడు. బ్రతుకుతెరువునకు ఉద్యానము బదులు కానేరదు. ఆరిపోయి ఏండ్లు గడచిన చోటనే ఈ మాట యెత్తవలెను. ఎత్తినప్పుడును, కావలివాని ఉద్యోగము మొదలు మన్ను పరీక్షించు వాని ఉద్యోగము వరకు, సందర్శకులకు యంత్రములను వివరించువాని ఉద్యోగముతో సహా, భూమి ఇచ్చిన కుటుంబములకును అచ్చట పనిచేసి బయటబడినవారికిని మొదటి హక్కుండవలెను. గొట్టములలో ఏది ఏ ద్రవమును మోసినదో, ఏ మూల మడ్డి పోసిరో, పటములకన్న వారికే బాగుగ తెలియును. వారు ముదిమిలో పడుచున్నారు. వారి జ్ఞాపకమును వ్రాసికొనుట ఈ పథకములో అన్నిటికన్న తొందర గల భాగము.

శుద్ధి విషయమున మాత్రము తొందర పనికిరాదు. అమెరికాలోని సియాటిల్ నగరములో, యూనియన్ సరస్సు ఒడ్డున, బొగ్గునుండి వాయువును తీసిన కర్మాగారమొకటి 1956 వరకు నడచెను. దాని యంత్రములను కొన్నింటిని నిలిపి రిచర్డ్ హాగ్ అను శిల్పి రూపించిన ఉద్యానము 1975లో తెరువబడెను. లోకములో ఇట్టి ప్రయత్నములకు అది తొలి మార్గదర్శులలో నొకటి. మన్నులోని సూక్ష్మజీవుల చేతనే విషమును హరింపజేయవలెనని ఆయన తలచెను. అది గొప్ప ఊహయే. ఐనను 1984లో పరీక్షలలో కాలుష్యము బయటపడగా ఉద్యానమును కొంతకాలము మూయవలసివచ్చెను. శుద్ధిని గూర్చిన పని పిమ్మట దశాబ్దములు సాగెను. తారువంటి కర్బనపదార్థములను సూక్ష్మజీవులు కొంతవరకైనను తినగలవు. మింది మన్నులోని సీసమును, కాడ్మియమును తిని హరించు జీవి లేదు. లోహమును కదలకుండ బంధింపవలెను, లేక పైకి లాగి తీసివేయవలెను. మూడవ మార్గము లేదు.

బంధించుటకు సున్నము కొంత తోడ్పడును. మన్నులోని ఆమ్లము తగ్గినకొలది జింకు, కాడ్మియము నీటిలో కరగుట తగ్గును. మడ్డి దిబ్బలపై బంకమన్ను పరచి, వాననీరు లోనికి దిగకుండ కాలువలు తీయవలెను. లాగుటకు కొన్ని మొక్కలు పనికివచ్చును. వంటింటి పోపుల డబ్బాలోని ఆవాల మొక్క ఈ విద్యలో పేరు గన్నది. వేళ్ళతో లోహమును పీల్చి ఆకులలో, కాండములో దాచుకొనును. ఆ పైరును కోసి, ఆ బూడిదను జాగ్రత్తగ పూడ్చవలెను. పొరపాటున ఆ ఆకు పప్పులోనికి గాని పశువు నోటిలోనికి గాని పోయినచో చేసిన పుణ్యమంతయు పాపమగును. ఇట్లు ఎన్నో పంటలు తీసినను మన్ను కొలది కొలదిగనే తేలికపడును. కనుక ఆ వనములో జామ, మామిడి, జీడిమామిడి వేయరాదు. వేప, కానుగ, సరుగుడు చాలును. ఏ భాగములోనికి పిల్లలు పోవచ్చునో, ఏ భాగము ఇంకను కంచెలోపల నుండవలెనో బోర్డుపై వ్రాయవలెను. కంచె యున్న ఉద్యానమేమని ముక్కు విరుచువారు ఉందురు. పచ్చిక పరచి కంచె తీసివేయుటకన్న, కంచె ఉంచి కారణము చెప్పుట పిల్లలకు మేలు.

కారణము చెప్పక కాలము గడిపినచో ఏమగునో భోపాలు చూపినది. 1984 డిసెంబరులో విషవాయువు వెలువడిన యూనియన్ కార్బైడు ఆవరణలో మిగిలిన వ్యర్థములలో 337 టన్నులను పీతంపురమునకు తరలించుటకు 2025 జనవరి వరకు పట్టెను. నలువదియేండ్ల పాటు ఆ ఆవరణ గోడలమధ్య నిలిచిపోయెను. చుట్టును ఇండ్లు, పిల్లలు. విశాఖకు కూడ తనదైన రాత్రి కలదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున గోపాలపట్నము చేరువ ఆర్.ఆర్. వెంకటాపురములోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు తొట్టినుండి స్టైరీను ఆవిరి వెలువడి నిద్రలోనున్న వీధులను కమ్మెను. 12 మంది మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. 1961లో హిందూస్థాన్ పాలిమర్స్ పేరున మొదలై చేతులు మారిన కర్మాగారమది. నాడు దాని చుట్టును ఊరు ఇంతగా పెరుగలేదు. ఊరు పెరిగినప్పుడు ఇక చాలునని ఎవ్వరును చెప్పలేదు. ఆ స్థలమును రేపు ఏమి చేయవలెనన్న ఆలోచనలో మరణించినవారి వీధులవారికి పీట వేయనిదే, అచ్చట వేసిన ఏ పూలమొక్కయు ఆ వీధిలో ఎవ్వరికిని పూవుగ కనబడదు.

చట్టము లేకపోలేదు. కలుషిత స్థలముల నిర్వహణకై కేంద్ర ప్రభుత్వము 2025 జూలైలో ప్రత్యేక నియమములను ప్రకటించెను. అనుమానము గల స్థలములను స్థానిక సంస్థ గాని జిల్లా యంత్రాంగము గాని గుర్తించి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి తెలుపవలెను. పరీక్షలలో కాలుష్యము రుజువైనచో, దానికి బాధ్యులైనవారే శుద్ధికి ఖర్చు భరింపవలెను. ఇంతకాలము ఖాళీ స్థలమను పేరుతో చెలామణియైన నేలకు ప్రభుత్వపు దస్త్రములో మరియొక పేరు వ్రాయించుటకు ఇది దారి. ఆ పేరు పడినపిమ్మట ప్లాట్లుగ కోయుట అంత సులభము కాదు.

కావున మిందిలో మొదటి పని మొక్క నాటుట కాదు, శంకుస్థాపన ఫలకము చెక్కించుట అంతకన్నను కాదు. చుట్టుపట్ల బావులలోను బోర్లలోను నీటిని ఋతువునకొకసారి పరీక్షింపజేయవలెను. సీసమెంత, కాడ్మియమెంత, తుత్తునాగమెంత, ఎంత దాటినచో త్రాగరాదు అను లెక్కను తెలుగులో, పెద్ద అక్షరములతో వ్రాసి వార్డు కార్యాలయపు గోడకు అంటింపవలెను. రసాయనశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు ఒక ఉదయము తన తరగతిని ఆ గోడ యొద్దకు నడిపించుకొని పోవచ్చును. తెలుగు చెప్పు ఉపాధ్యాయుడును వెంట పోయి, తిరిగి వచ్చునపుడు, ఆ నేలకు ఒక పేరు పెట్టుడని పిల్లలను అడుగవచ్చును.